పల్లె ఒంటరితనం: కలిసే పనులు తగ్గిన ఊళ్లో పలకరింపు ఎలా మిగులుతుంది?

క్లుప్తంగా: పల్లెల్లో ఒంటరితనానికి మనుషులు వలస పోవడం ఒక్కటే కారణం కాదు. ఉన్నవాళ్లు రోజూ ఒకచోట కలవడానికి ఉండే పనులు ఒక్కొక్కటిగా తగ్గిపోవడం కూడా అంతే పెద్ద కారణం. కేరళలోని మలప్పురం, ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్, గుజరాత్‌లోని మెహసాణా అనుభవాలు చూస్తే, కొత్త భవనమో కొత్త పథకమో కట్టబెట్టిన చోట కాదు, అప్పటికే ఊళ్లో ఉన్న మనుషులనూ సంఘాలనూ ఒకదానితో ఒకటి కలిపిన చోట ఫలితం కనిపించింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ వెళ్లే వ్యవస్థలు చాలానే ఉన్నాయి. వాటి మధ్య సమన్వయమే లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన సామాజిక సంబంధాల కమిషన్ 2025 జూన్ చివర్లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని అందులో అంచనా వేశారు. ఇలాంటి అంకెలు వచ్చినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది: ఇది లండన్, టోక్యో ఫ్లాట్లలో బతికేవాళ్ల సమస్య, అరుగుల మీద కూర్చుని కబుర్లాడుకునే మన ఊళ్లకు దీనితో ఏం పని? అదే నివేదికలో దీనికి జవాబు ఉంది. ఒంటరిగా అనిపిస్తోందని చెప్పినవాళ్లు సంపన్న దేశాల్లో సుమారు 11 శాతమైతే, పేద దేశాల్లో సుమారు 24 శాతం. అంటే రెట్టింపు పైనే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చకు మరో కారణం కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే ఈ సగటు 2.1 ఉండాలి. అంటే జనాభాలో ముసలివాళ్ల వాటా పెరిగి, చూసుకునే పిల్లలు తగ్గుతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేసింది కూడా ఈ లెక్క చూసే. ఎక్కువమంది పిల్లల్ని కనాలన్న పిలుపులు ఫలించినా, ఫలం చేతికి రావడానికి రెండు దశాబ్దాలు పడుతుంది. ఇప్పుడు 60 దాటినవాళ్లకు అది పనికొచ్చేది కాదు.

## రెండు వేర్వేరు సమస్యలు

ఇంట్లో ఒక్కరే ఉండటం బయటికి కనిపించే స్థితి, లెక్కపెట్టవచ్చు. ఒంటరితనం మనసుకు తెలిసే లోటు. తనకు కావాల్సిన సంబంధాలకూ, ఉన్న సంబంధాలకూ మధ్య తేడా అది. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కొడుకు, కోడలు, మనవలు ఉన్న ఇంట్లోనే వెనక వసారాలో మంచం వేసి, వేళకు అన్నం పెట్టి, రోజంతా ఎవరూ మాట్లాడని ముసలివాళ్లు ఉంటారు. ఒంటరిగా ఉంటూ కూడా పాడి గేదె, నాలుగిళ్ల రాకపోకలతో నిండుగా బతికే ఆడవాళ్లూ ఉంటారు.

ఈ తేడా విధానాల రూపకల్పనలో తప్పిపోతుంటుంది. 2017-18లో దేశవ్యాప్తంగా 45 ఏళ్లు పైబడిన 72 వేల మందికి పైగా జనం మీద జరిగిన, వృద్ధాప్య స్థితిగతులను చూసే 'లాసి' సర్వేలో, 60 దాటినవాళ్లలో ఒంటరిగా నివసించేవాళ్లు సుమారు 6 శాతమేనని తేలింది. వాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఆ 6 శాతాన్ని మాత్రమే సమస్యగా తీసుకుంటే, నిండు కుటుంబంలో మాట కరువైనవాళ్లు లెక్కలోకే రారు. నేరుగా 'మీకు ఒంటరిగా ఉందా' అని అడిగినా నిజం బయటికి రాదు. అవునంటే కొడుకు పరువు తీసినట్టు అవుతుందన్న భయం ఉంటుంది. అందుకే పరిశోధకులు 'మాట్లాడే తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది' లాంటి పక్క ప్రశ్నలు అడుగుతారు.

ఒంటరితనం రోజుకు 15 సిగరెట్లు కాల్చినంత ప్రమాదం అన్న మాట సోషల్ మీడియాలో తెగ తిరుగుతుంటుంది. దాని మూలం 2010లో వచ్చిన ఒక విశ్లేషణ. 148 అధ్యయనాలను, సుమారు 3 లక్షల 8 వేల మంది వివరాలను కలిపి చూస్తే, బలమైన సంబంధాలు ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా తేలింది. అక్కడ కొలిచింది పెళ్లి, స్నేహాలు, సంఘంలో పాత్ర అన్నీ కలిసిన సంబంధాల బలాన్ని. ఒంటరిగా అనిపించడం ఒక్కదాన్నే కాదు. సిగరెట్ పోలికలో ఆ తేడా మాయమైపోయింది. ఊళ్లో చేయాల్సిన పని ఏమిటో తేల్చుకోవడానికి మాత్రం ఆ తేడానే ముఖ్యం. మనిషి ఆరోగ్యం, సంఘంలో అతనికున్న చోటుతో ముడిపడి ఉందన్నదే ఆ విశ్లేషణ చెప్పింది.

## ఊళ్లో మారింది ఏమిటి

పాతకాలపు పల్లెలో ఎవరూ 'కలుద్దాం' అనుకుని కలవలేదు. పని కలిపింది. నాట్లకు ముఠా కావాలి. కోతకు, కుప్ప నూర్పిడికి పదిమంది కావాలి. నీళ్లకు బావి దగ్గరికో చెరువుకో పోవాలి. పిండి కావాలంటే రోటి దగ్గర ఇద్దరు నిలబడాలి. మాట అనేది ఆ పనులకు తోడుగా వచ్చింది, ఖర్చు లేకుండా.

ఇప్పుడు కోతకు వరికోత మిషన్ వస్తుంది. నాలుగు మడులు గంటల్లో అయిపోతాయి. నాట్ల స్థానంలో వెదజల్లే పద్ధతి వచ్చింది. తెలంగాణలో చాలాచోట్ల నాట్లకు బిహార్, పశ్చిమ బెంగాల్ నుంచి కూలీల బృందాలు వస్తున్నాయి. నీళ్లు నల్లాలో వస్తాయి, పిండి మిక్సీలో అవుతుంది. ఇవన్నీ ఆడవాళ్ల నడుములు విరగ్గొట్టిన పనులే. వాటిని మిషన్లు తీసేసుకోవడం నిస్సందేహంగా మేలు. కాకపోతే పనితోపాటు ఆ పని కల్పించిన కూడిక కూడా పోయింది, దాని స్థానంలో ఇంకోటి రాలేదు. సాయంత్రం ఆరు తర్వాత వీధి ఖాళీ, ఎవరి ఇంట్లో టీవీ వాళ్లది, ఎవరి చేతిలో ఫోన్ వాళ్లది.

పాత ఊరు అందరిదీ కాదన్నది ఇక్కడే చెప్పుకోవాలి. రచ్చబండ మీద కూర్చునే హక్కు కొన్ని కులాల మగవాళ్లదే. దళితవాడకు బావి వేరు. భర్త చనిపోయిన స్త్రీని శుభకార్యాలకు దూరం పెట్టారు. 'ఆ రోజుల్లో ఊరంతా ఒక్కటే' అన్న జ్ఞాపకం ఎవరిదో గమనిస్తే, అది ఎక్కువగా రచ్చబండ మీద కూర్చున్నవాళ్లదే. కాబట్టి పరిష్కారం పాత ఊరిని తిరిగి తేవడం కాజాలదు.

శరీరం కూడా ఒక కారణమే, దాని మీద చర్చ తక్కువ. చెవుడు వచ్చిన మనిషి పదిమందిలో కూర్చోవడం మానేస్తాడు, రెండుసార్లు తప్పుగా విని నవ్వులపాలయ్యాక ఇక గడప దాటడు. శుక్లాలు వచ్చిన మనిషికి చీకటి పడ్డాక వీధి భయం. మోకాళ్ల నొప్పి ఉన్న ఆమెకు గుడి మెట్లే కొండ. తెలంగాణలో 2018లోనూ 2023లోనూ జరిగిన కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలు అందినవాళ్లకు చూపుతో పాటు వీధి కూడా తిరిగి వచ్చి ఉంటుంది. కేంద్రం 2017లో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, చేతికర్రలు ఇస్తారు. దీన్ని వైద్య పరికరాల పంపిణీగానే చూస్తున్నారు. ఒంటరితనాన్ని తగ్గించే కార్యక్రమాల్లో అతి చవకైనది ఇదే కావచ్చు.

## అందరి ఒంటరితనం ఒకటి కాదు

కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని ఊళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల సమస్య పత్రికలకు బాగా తెలుసు. డబ్బుకు లోటు లేదు, రాత్రి వీడియో కాల్ వస్తుంది, ఇంట్లో పనిమనిషి ఉంటుంది. అర్ధరాత్రి గుండెలో నొప్పి వస్తే తలుపు తట్టే మనిషి మాత్రం లేడు. వీళ్లకు కావాల్సింది దగ్గరలో నమ్మకమైన మనిషి.

జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల ప్రాంతాల్లో భర్తలు గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్లది వేరే పరిస్థితి. వాళ్ల చుట్టూ మనుషులు ఉన్నారు, అత్తమామలు ఉన్నారు. ఎక్కడికి పోతున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు అన్న కాపలా కూడా ఉంది. అప్పు, భర్త పంపే డబ్బు టెన్షన్ ఎవరితోనూ చెప్పుకోలేని పరిస్థితి. ఈమెకు ఇంటికొచ్చి పలకరించే వాలంటీర్ కన్నా, కాపలా లేకుండా వారానికొకసారి బయటికి వెళ్లే కారణం ఎక్కువ ఉపయోగం. కోనసీమ, కడప ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లలో పిల్లల్ని పెంచుతున్నది అమ్మమ్మలు, నానమ్మలు. వాళ్లకు ఖాళీ అన్నదే లేదు, అయినా తమ వయసువాళ్లతో గడిపే పొద్దు లేదు.

పాలమూరు నుంచి కూలికి, శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వేరావల్ తీరానికి చేపల వేటకు వెళ్లేవాళ్ల ఊళ్లలో నెలల తరబడి పనిచేసే వయసు మగవాళ్లే కనిపించరు.

అందరికన్నా తక్కువ చర్చలోకి వచ్చేది పని మానేసిన మగవాడు. ఆడవాళ్లకు వయసు మీద పడినా వంట, మనవలు, పొదుపు సంఘం, పేరంటం ఏదో ఒకటి ఉంటుంది. నాగలి పక్కన పెట్టిన మగవాడికి ఊళ్లో పాత్ర ఒక్కసారిగా తెగిపోతుంది. సాయంత్రం మగవాళ్లు కలిసే చోటు బెల్టు షాపు ఒక్కటే అయిన ఊళ్లు తక్కువేమీ కాదు.

## గడప దగ్గరి సేవ: సౌకర్యమా, తోడా?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి పింఛను చేతిలో పెడతారు. 2024 జులై నుంచి వృద్ధులకు ఇది 4,000 రూపాయలు. తెలంగాణలో 2,016 రూపాయల ఆసరా పింఛను కోసం చాలా ఊళ్లలో పోస్టాఫీసు మనిషి దగ్గరికి వెళ్లాలి, దానికి ఒకచోట గుమిగూడి కూర్చోవాలి. పైకి చూస్తే మొదటిదే మెరుగు. మంచం దిగలేని మనిషికి అది నిజంగానే మెరుగు. నడవగలిగిన మనిషి విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. నెలలో ఒక్కరోజు పది మంది ఈడువాళ్లు ఒకచోట కూర్చుని ఎదురుచూసే సందర్భం కూడా పోయినట్టే.

రేషన్ విషయంలో ఇదే ప్రయోగం రెండు వైపులా జరిగింది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ బండ్లు వీధుల్లోకి వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణాల్లోనే ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే చేరుస్తున్నారు. చర్చంతా ఖర్చు, అక్రమాలు, సౌకర్యం చుట్టూ తిరిగింది. దుకాణానికి వెళ్లడం అనే పని ఎవరికి భారం, ఎవరికి ఆటవిడుపు అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. మధ్యేమార్గం కష్టమేమీ కాదు. రాలేనివాళ్లకు ఇంటికి, రాగలిగినవాళ్లకు నీడ, మంచినీళ్లు, కూర్చోవడానికి బెంచీలు ఉన్న ఒకచోట. ఎండలో గంటలు నిలబెట్టడాన్ని 'కలవడం' అని సమర్థించలేం.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వాలంటీర్ల అనుభవం ఇంకో విషయం చెబుతుంది. 2019లో ఊళ్లలో 50 ఇళ్లకు ఒకరు చొప్పున పెట్టిన ఈ వ్యవస్థలో, వృద్ధుల గడప తొక్కే ఒక మనిషి నెలనెలా ఖాయంగా ఉన్నాడు. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం ఆదేశంతో వాళ్లు పింఛను పంపిణీకి దూరమయ్యారు, ప్రభుత్వం మారాక వ్యవస్థే ఆగిపోయింది. రాజకీయంగా దాని మీద రెండు వాదాలూ ఉన్నాయి, అవి ఈ వ్యాసం పరిధిలోవి కావు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటే. పలకరింపు ప్రభుత్వ జీతంతోనో పార్టీ గుర్తింపుతోనో ముడిపడితే, ఆ రెండింటిలో ఏది మారినా పలకరింపు ఆగిపోతుంది.

## మలప్పురంలో పక్కింటివాళ్లు

దేశంలో దీనికి పూర్తి భిన్నమైన దారి కేరళలో కనిపిస్తుంది. 1993లో కోజికోడ్‌లో వైద్యులు ఎం.ఆర్. రాజగోపాల్, సురేశ్ కుమార్ తదితరులు నొప్పి నివారణ, సాంత్వన వైద్యం కోసం ఒక సొసైటీ పెట్టారు. కొన్నేళ్లకే వాళ్లకు ఒక సంగతి అర్థమైంది. నయంకాని జబ్బుతో మంచాన పడ్డ మనిషి బాధలో మందుతో తగ్గేది కొంతే. మిగతాది డబ్బు, భయం, ఎవరూ రాకపోవడం. అందుకు డాక్టర్లు చాలరు. దాంతో మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు వాళ్లతోనే స్థానిక బృందాలు కట్టడం మొదలైంది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగిన ఎవరైనా శిక్షణ తీసుకుని చేరవచ్చు. టీచర్లు, ఆటో డ్రైవర్లు, కూలీలు, కాలేజీ పిల్లలు చేరారు. ఖర్చులో చాలా భాగం ఊళ్లోనే చిన్న చిన్న చందాలుగా వచ్చింది. 2008లో కేరళ దేశంలోనే మొదటిసారిగా సాంత్వన వైద్యానికి విధానం ప్రకటించి, ఈ పనిని పంచాయతీలకు అప్పగించింది. నర్సు జీతం ప్రభుత్వ వ్యవస్థ ద్వారా, పలకరింపు ఊరి ద్వారా అన్న పని విభజన అప్పుడు గట్టిపడింది.

బలం ఈ విభజనలోనే ఉంది. నర్సుకు వైద్యం తెలుసు, సమయం లేదు. పొరుగువాడికి సమయం ఉంది, వైద్యం తెలియదు. ఇద్దరూ ఒకే జాబితా పట్టుకుని తిరుగుతారు. ఇంట్లో బియ్యం అయిపోయాయని పొరుగువాడు గమనిస్తాడు, పుండు ముదిరిందని నర్సు గమనిస్తుంది. తెలంగాణలోనూ జిల్లాల్లో పాలియేటివ్ (సాంత్వన వైద్య) కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే 'ఆలన' వాహనాలు ఉన్నాయి. అక్కడ ఆసుపత్రి నుంచి బృందం వెళ్లి తిరిగి వస్తుంది. వాహనం తిరిగిపోయాక మిగిలిన రోజుల సంగతి చూసే ఊరి బృందం లేకపోవడమే మలప్పురానికీ ఇక్కడికీ తేడా.

కేరళకు అక్షరాస్యత, బలమైన పంచాయతీలు, గ్రంథాలయాలు, మత సంస్థల సేవా అలవాటు ఉన్నాయి కాబట్టి కుదిరింది, మిగతా చోట కుదరదు అనే వాదన ఉంది. కొంతవరకు నిజమే. అయితే గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో అలాంటి నేపథ్యం లేకుండానే 'ఆత్మీయత' అనే కార్యక్రమం నడిచింది. పుణెలోని మానసిక ఆరోగ్య చట్టం, విధాన కేంద్రం దీన్ని రూపొందించింది. ఊళ్లో నలుగురికీ నమ్మకమున్న వ్యక్తిని గుర్తించి, దిగులు, ఆందోళనతో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పారు. అదే వ్యక్తి వాళ్లకు రావాల్సిన పింఛను, రేషన్ లాంటివి అందేలా కూడా చూస్తారు. 645 ఊళ్లలో జరిపిన శాస్త్రీయ పరీక్షలో, ఈ సాయం అందినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో ఎక్కువగా కోలుకున్నట్టు తేలింది. మాటతోపాటు కాగితం పని కూడా చేసిపెట్టడం ఇందులో కీలకం. ఆగిపోయిన పింఛను గురించి దిగులుపడే మనిషికి ఉత్త ఓదార్పు చికాకే తెప్పిస్తుంది.

## ఫ్రోమ్ లెక్క, దాని పరిమితి

బ్రిటన్‌లో 2018లో ఒంటరితనం బాధ్యతను ఒక మంత్రికి అప్పగించారు, జపాన్ 2021లో అదే పని చేసింది. వార్తల్లో ఎక్కువగా నిలిచింది మంత్రి పదవులే. అంతకు ముందే, 2013లో, సోమర్‌సెట్ ప్రాంతంలోని ఫ్రోమ్ అనే చిన్న పట్టణంలో డాక్టర్ హెలెన్ కింగ్‌స్టన్ తన ఆసుపత్రి నుంచి ఒక పని మొదలుపెట్టారు. మొదట ఊళ్లో ఏమేం సంఘాలు, బృందాలు ఉన్నాయో జాబితా రాయించారు. పాటల బృందం, తోటపని బృందం, వడ్రంగం చేసుకునే మగవాళ్ల షెడ్డు, అప్పుల సలహా కేంద్రం అన్నీ అందులోకి వచ్చాయి. రోగుల్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో గుర్తించి, వాళ్లకు సరిపోయే చోటికి తీసుకెళ్లే మనుషులను పెట్టారు. లేని బృందాలు కొత్తగా మొదలుపెట్టారు. క్షవరశాల నడిపేవాళ్లు, టాక్సీ డ్రైవర్లు లాంటి రోజూ జనంతో మాట్లాడేవాళ్లకు 'ఎవరికి ఏ సాయం ఎక్కడ దొరుకుతుంది' అన్నది నేర్పారు.

2018లో వచ్చిన ఫలితాల ప్రకారం ఫ్రోమ్‌లో అత్యవసర ఆసుపత్రి చేరికలు 14 శాతం తగ్గాయి. అదే కాలంలో మొత్తం సోమర్‌సెట్‌లో అవి 28.5 శాతం పెరిగాయి. ఆకట్టుకునే అంకెలే, కానీ జాగ్రత్త అవసరం. ఇది ముందు-తర్వాత పోలిక మాత్రమే, రెండు సమాన ఊళ్లను చీటీ వేసి ఎంచి చేసిన పరీక్ష కాదు. చిన్న ఊళ్లో అంకెలు తేలిగ్గా ఊగుతాయి. తగ్గుదలలో ఎంత భాగం పలకరింపు వల్ల, ఎంత భాగం అదే సమయంలో మెరుగైన వైద్యం వల్ల అన్నది విడదీయలేం.

ఫ్రాన్స్ తపాలా సంస్థ 2017 నుంచి ఇంకో దారి పట్టింది. దూరంగా ఉన్న పిల్లలు నెలకింత కడితే పోస్ట్‌మ్యాన్ తల్లిదండ్రులను చూసి వస్తాడు. కట్టగలిగినవాళ్లకు ఇది మంచి ఏర్పాటు. అమెరికా పిల్లలున్న మన ఊళ్లలోనూ ఇలాంటి వ్యాపారాలకు గిరాకీ ఉంటుంది. కొడుకు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా చేసే తల్లికి అది అందదు.

## కలిపితే చాలదు

వట్టి సందర్శనలు, వట్టి సమావేశాలు ఒంటరితనాన్ని అనుకున్నంతగా తగ్గించవు. 2011లో ఈ రంగంలోని ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో, కలిసే అవకాశాలు పెంచడం కన్నా, ఇతరుల గురించి మనిషి ఆలోచించే తీరు మారేలా చేసినవే ఎక్కువ ఫలితం ఇచ్చాయి. దీర్ఘకాలం ఒంటరిగా ఉన్న మనసు అనుమానం నేర్చుకుంటుంది. పలకరించినవాడు జాలిపడుతున్నాడనిపిస్తుంది, పిలవనివాడు కావాలనే వదిలేశాడనిపిస్తుంది. అలాంటి మనిషిని పండగనాడు తీసుకొచ్చి శాలువా కప్పి ఫొటో తీస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. వృద్ధుల దినోత్సవాలు నడిపేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

అనుమానం కరిగేది తన అవసరం ఎవరికో ఉందని తెలిసినప్పుడు. జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో హరారేలో మొదలుపెట్టిన 'స్నేహ బెంచీ' దీన్ని నేరుగా వాడుకుంది. ఆసుపత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చుని దిగులుతో వచ్చినవాళ్ల మాట వినేది శిక్షణ పొందిన బామ్మలు. సాయం పొందాల్సినవాళ్లని అందరూ అనుకునే వయసువాళ్లే అక్కడ సాయం చేసేవాళ్లు. ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన మగవాళ్ల షెడ్లలోనూ ఇదే సూత్రం. ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడమంటే మాట్లాడని మగవాళ్లు, పక్కపక్కన నిలబడి బల్ల చిత్రిక పడుతూ అన్నీ చెప్పుకుంటారు.

ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కార్యక్రమం కింద రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు చదువు కోసం కూర్చున్నారు. పక్కపక్కన కూర్చున్నాక ఇంటింటి సారా బాధ ఒకటేనని తెలిసింది. 1992 నాటికి అది సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. వాళ్లను 'మీ బాధలు చెప్పుకోండి రండి' అని పిలిచి ఉంటే ఎంతమంది వచ్చేవాళ్లన్నది అనుమానమే.

## మన ఊళ్లో ఉన్నవేమిటి, అడ్డేమిటి

పాలకేంద్రం పొద్దున, సాయంత్రం తెరుచుకుంటుంది. రోజూ రెండుపూటలా వచ్చే గిన్నె ఒకరోజు రాకపోతే మొదట తెలిసేది అక్కడే. ఆశా కార్యకర్తకు బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్ల పేర్లన్నీ తెలుసు. అంగన్‌వాడీ టీచర్, పోస్ట్‌మ్యాన్, సచివాలయ ఉద్యోగి, ఉపాధి హామీ మేట్, భజన మండలి, చర్చి పాస్టర్, మసీదు కమిటీ, పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం (విఓ) ఇలా ప్రతి ఒక్కరికీ ఊరి గురించి కొంత తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరదు. నెలకోసారి వీళ్లు గంటసేపు కూర్చుని 'ఈ నెల ఎవరు కనబడటం లేదు' అని చూసుకుంటే ఫ్రోమ్ మొదటి అడుగు పడినట్టే. ఆ తర్వాత ఇంటికి వెళ్లాల్సింది ఎవరన్నది ఆ ఇంటికి ఎవరు దగ్గరో దాన్ని బట్టి.

పొదుపు సంఘాల్లో ఒక లోపం చాలాకాలంగా ఉంది. 60 దాటాక అప్పు, బీమా చిక్కులతో సభ్యురాలు పక్కకు తప్పుకోవాల్సి వస్తుంది. పాతికేళ్లు నెలనెలా కలిసిన గుంపు ఆమెకు అవసరమైన వయసులోనే తెగిపోతుంది. తమిళనాడులో 2004 సునామీ తర్వాత హెల్ప్‌ఏజ్ ఇండియా వృద్ధులకే విడిగా స్వయం సహాయక సంఘాలు పెట్టింది. తెలంగాణలోనూ 2025లో 60 దాటిన మహిళలకు సంఘాలు కట్టే పని మొదలైంది. ఈ సంఘాలను అప్పు రికవరీ శాతంతోనే కొలిస్తే ఉన్న ఉపయోగం కూడా పోతుంది.

ఆడవాళ్లకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఉంది. రవాణా పథకంగానే అందరూ చర్చించారు. కూతురి ఇంటికి, పుట్టింటికి, గుడికి వెళ్లడానికి ఛార్జీ అడగాల్సిన పని లేకపోవడం ఒంటరి స్త్రీ జీవితంలో చిన్న మార్పు కాదు. కాకపోతే ఊరికి రోజుకు రెండు ట్రిప్పులే వచ్చే పల్లెవెలుగు బస్సు ఉంటే ఆ ఉచితం కాగితం మీదే. బస్సు రాని ఊరికి అదీ లేదు.

అడ్డంకుల్లో మొదటిది కులం. 'ఊరంతా కలిసే చోటు' ఏ వీధిలో పెడతారన్నదే ఎవరు వస్తారో నిర్ణయిస్తుంది. రామాలయం అరుగు మీద పెడితే కొందరు రారు, కాలనీలో పెడితే మరికొందరు రారు. బడి, అంగన్‌వాడీ, పశువుల ఆసుపత్రి ఆవరణ లాంటి ఎవరిదీ కాని చోటు కొంత నయం. రెండోది పార్టీ. సర్పంచ్ ఏ వర్గమో దాన్ని బట్టి సగం ఊరు దూరంగా ఉంటుంది. మూడోది పనిభారం. ఇప్పటికే యాప్‌లు, సర్వేలతో సతమతమయ్యే ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల నెత్తిన ఇంకో రిజిస్టర్ పెడితే అది కాగితాల్లో మాత్రమే నిండుతుంది. పైగా చూసుకునే పనంతా ఆడవాళ్లదే అన్న అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఇక గోప్యత. ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా దొంగల చేతిలోనో, ఆస్తి మీద కన్నేసిన బంధువు చేతిలోనో పడితే మేలు కన్నా కీడే ఎక్కువ. వాట్సాప్ గ్రూపులో పెట్టే జాబితా కాదది.

## ఖర్చు ఎవరిది

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 నుంచి ఉంది. చూడని పిల్లల మీద ఆర్డీవో స్థాయిలోని ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ట్రిబ్యునల్ భత్యం ఇప్పించగలదు, మాట ఇప్పించలేదు. ఫిర్యాదు చేశాక ఉన్న కాస్త మాట కూడా పోతుందని చాలామంది ఆగిపోతారు. వృద్ధుల కోసం 14567, మానసిక సాయానికి టెలి మానస్ 14416 అనే ఉచిత నంబర్లు నడుస్తున్నాయి. ఫోన్ చేయాలనిపించే స్థితిలో ఉన్నవాళ్లకు అవి బాగా పనికొస్తాయి.

ఊరి స్థాయిలో అవసరమయ్యే డబ్బు పెద్దది కాదు. బెంచీలు, నీడ, ఒక గదికి కరెంటు, నెలకోసారి టీ ఖర్చు, శిక్షణకు వచ్చేవాళ్ల ప్రయాణ ఛార్జీలు. ఏటా తయారయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో సామాజిక భద్రత గల పంచాయతీ అన్న అంశం ఇప్పటికే ఉంది. దాని కింద రాసేది ఎక్కువగా పింఛన్ల సంఖ్యే. గ్రామసభలో ఎవరైనా లేచి అడిగితే, నెలవారీ సమావేశానికీ, కూర్చునే చోటుకూ అక్కడ ఒక పద్దు రాయించడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ పద్దు ఎవరి కోసమో వాళ్లు గ్రామసభకు వచ్చేవాళ్లు కాదు. కాబట్టి అడగాల్సింది పాలకేంద్రం సెక్రటరీనో, విఓ లీడరో, ఆశా కార్యకర్తో అవుతారు, సభ ఎప్పుడు పెడుతున్నారన్నది ముందుగా వాళ్లకు తెలిస్తే.